ఫ్లోరిడాలో గోల్ఫ్ కోర్సు పక్కన ఇల్లు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నాకు 57, మా ఆవిడకి 53. న్యూజెర్సీ చలి ఇక మా వల్ల కాదు. ఫ్లోరిడాలో బొనీటా స్ప్రింగ్స్ దగ్గర గోల్ఫ్ కోర్సు ఉన్న గేటెడ్ కమ్యూనిటీలో రెండో అంతస్తు కాండో, అంటే ఫ్లాటు, చూశాం. 4 లక్షల 80 వేల డాలర్లు. గోల్ఫ్ మెంబర్‌షిప్ ఇంటితో పాటే వస్తుందట, దాన్ని బండిల్డ్ అంటున్నారు. నేను అప్పుడప్పుడు ఆడతాను, ఆవిడ ఆడదు. చలికాలం నాలుగు నెలలు అక్కడ ఉండి, మిగతా రోజులు అద్దెకిద్దామని ఆలోచన. ఫిబ్రవరిలో చూసి వచ్చినప్పటి నుంచి ఇద్దరికీ అదే ధ్యాస. ఏజెంటు త్వరగా తేల్చమంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: తొందరపడకండి. ఫిబ్రవరిలో బొనీటా స్ప్రింగ్స్ చూస్తే నచ్చనివాళ్లు ఉండరు. ఆగస్టులోనో సెప్టెంబరులోనో ఒక వారం వెళ్లి ఉండండి. ఆ ఉక్క, మధ్యాహ్నం పూట పిడుగులతో వాన, సగం ఖాళీగా ఉన్న కమ్యూనిటీ, ఇవన్నీ చూశాక కూడా మీ ఇద్దరికీ ఆ ఊరు నచ్చితే అప్పుడు డబ్బు సంగతి మాట్లాడుకుందాం. వీలైతే వచ్చే జనవరి నుంచి మార్చి దాకా అదే కమ్యూనిటీలో అద్దెకు ఉండి చూడండి. సీజన్ అద్దె ఎక్కువే, కాదనను, కానీ తప్పు ఇల్లు కొని అమ్ముకోవడం కంటే చాలా తక్కువ.

ఇక ఖర్చు. మీరు రాసిన 4 లక్షల 80 వేలు కొనే ధర, అంతే. బండిల్డ్ కమ్యూనిటీలో మామూలుగా ఫీజులు మూడు చోట్ల నుంచి వస్తాయి: మీ బిల్డింగు కాండో అసోసియేషన్‌ది ఒకటి, మొత్తం కమ్యూనిటీని చూసే మాస్టర్ అసోసియేషన్‌ది ఒకటి, క్లబ్‌ది ఒకటి. ప్రకటనలో చాలాసార్లు వీటిలో ఒకటే కనిపిస్తుంది, అది కూడా నెలకా, మూడు నెలలకా అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. వీటి మీద చాలా చోట్ల రెస్టారెంటులో ఏడాదికి ఇంత తిని తీరాలన్న ఫుడ్ మినిమం, ఆడిన ప్రతిసారీ కార్ట్ ఫీజు, కొనేటప్పుడు ఒక్కసారి కట్టాల్సిన కాపిటల్ కాంట్రిబ్యూషన్ కూడా ఉంటాయి. మీ ఆవిడ ఒక్క బంతి కొట్టకపోయినా గోల్ఫ్ ఖర్చులో మీ ఇంటి వాటా కట్టాల్సిందే, బండిల్డ్ పద్ధతే అది. అందరి దగ్గరా వసూలు చేస్తారు కాబట్టే ఆడేవాళ్లకు చవగ్గా పడుతుంది. మీరు నెలకు ఒకటి రెండుసార్లు ఆడే మనిషైతే మెంబర్‌షిప్ ఐచ్ఛికంగా ఉన్న కమ్యూనిటీలో ఇల్లు తీసుకుని, పబ్లిక్ కోర్సులో డబ్బులిచ్చి ఆడుకోవడమే మేలని నా అభిప్రాయం. ఇంకో సంగతి, బండిల్డ్ చోట్ల 18 హోల్స్ (బంతి వేసే గుంతలు) మీద చాలా ఇళ్ల వాళ్లకు హక్కు ఉంటుంది, అందుకే సీజన్‌లో పొద్దున్నే ఆడే టైము కోసం లాటరీ పెడతారు. ఎన్ని ఇళ్లకు ఎన్ని హోల్స్ అని తప్పకుండా అడగండి.

ప్రాపర్టీ టాక్స్ దగ్గర మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడుతున్నారు. అమ్మేవాళ్లు కడుతున్న టాక్స్ చూసి అదే మనకూ వస్తుందనుకుంటారు. ఫ్లోరిడాలో సొంతంగా ఉండే ఇంటికి హోమ్‌స్టెడ్ అనే పన్ను రాయితీ తీసుకుంటే, టాక్స్ లెక్కకు తీసుకునే విలువ ఏడాదికి 3 శాతానికి మించి పెంచరు. పదిహేనేళ్లుగా ఉంటున్న ఆయనకు ఆ విలువ మార్కెట్ ధరలో సగం కూడా ఉండకపోవచ్చు. ఇల్లు చేతులు మారిన మరుసటి జనవరి 1న అది మళ్లీ మార్కెట్ ధరకు వచ్చేస్తుంది. మీకు న్యూజెర్సీ ఇల్లే ప్రధాన నివాసం కాబట్టి హోమ్‌స్టెడ్ రాదు. బొనీటా ఉన్న లీ కౌంటీలో ఇళ్ల విలువ కట్టే ప్రాపర్టీ అప్రైజర్ వెబ్‌సైట్‌లో ఆ కాండో రికార్డు తెరిచి, జస్ట్ వాల్యూ (మార్కెట్ ధర), అసెస్డ్ వాల్యూ (టాక్స్ లెక్కకు తీసుకునే విలువ) రెండూ పక్కపక్కన చూడండి. ఆ రెండింటికీ తేడా ఎంత ఎక్కువుంటే రాబోయే బిల్లు అంత పెరుగుతుంది. బిల్లులోనే సీడీడీ అన్న పద్దు ఉందేమో కూడా చూడండి. కమ్యూనిటీ కట్టినప్పుడు రోడ్లకూ చెరువులకూ తెచ్చిన బాండ్ల అప్పు, వాటి నిర్వహణ, అందులో మీ ఇంటి వాటా అది.

ఇన్సూరెన్స్ గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నాకు భయం ఉన్నది ఇక్కడే. 2022 సెప్టెంబరు 28న ఇయన్ తుపాను మీరు చూసిన ప్రాంతానికి కాస్త ఉత్తరంగా, కాయో కోస్టా దగ్గర తీరం దాటింది. ఫోర్ట్ మయర్స్ బీచ్ ఊరు ఊరంతా సముద్రం పాలైంది, బొనీటా తీరంలోకి కూడా నీళ్లొచ్చాయి. తీరానికి దూరంగా తూర్పు వైపు కొంటే భయం లేదంటారు కానీ, 2017లో అర్మా తుపానుకు బొనీటాలో మునిగింది ఆ తూర్పు వైపు ఇంపీరియల్ నది పక్క కాలనీలే. మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద ఉండదు. కాండోకు వరద పాలసీ అసోసియేషన్ తీసుకోవాలి, తీసుకుందా, ఎంతకి తీసుకుంది అన్న కాగితం చేతికి తీసుకోండి. మీ సామాన్లకు విడిగా వరద పాలసీ కావాలంటే, ప్రభుత్వ పథకంలో మామూలుగా 30 రోజులు గడిస్తే గానీ అది అమల్లోకి రాదు. తుపాను బయల్దేరిందని తెలిశాక కడితే లాభం లేదు.

గాలి నష్టానికి డిడక్టిబుల్ (బీమా కంపెనీ ఇచ్చే ముందు మనం భరించాల్సిన మొత్తం) వేరే లెక్క, అది చాలాసార్లు శాతాల్లో ఉంటుంది. కోటి డాలర్ల విలువకు బీమా ఉన్న కాండో సముదాయానికి 5 శాతం అంటే మొదటి 5 లక్షలు కంపెనీ ఇవ్వదు. ఆ 5 లక్షలు అసోసియేషన్ దగ్గర నిల్వ లేకపోతే ఇంటికింత అని పంచుతారు, స్పెషల్ అసెస్‌మెంట్ అంటే అదే. మీ సొంత కాండో పాలసీలో దీనికోసం లాస్ అసెస్‌మెంట్ కవరేజీ ఉంటుంది, అయితే చట్టం అడిగే కనీసం 2,000 డాలర్లే. దాన్ని పెంచి తీసుకోండి, ప్రీమియం పెద్దగా పెరగదు. అసోసియేషన్ మీటింగ్ మినిట్స్ గత రెండేళ్లవి అడిగి తెప్పించుకుని చదవండి. కప్పు మార్చాలి, క్లబ్‌హౌస్ బాగుచేయాలి అన్న చర్చలు అందులోనే బయటపడతాయి. బ్రోషర్ ఎంత చదివినా ఆ సంగతులు తెలియవు.

అద్దె మాటకొస్తే, మీ ప్లాన్ అక్కడ చెల్లుతుందో లేదో చూడండి. కనీసం 30 రోజులకు తక్కువ ఇవ్వకూడదు, ఏడాదిలో ఇన్నిసార్లకు మించి ఇవ్వకూడదు అన్న నిబంధనలు గోల్ఫ్ కమ్యూనిటీల్లో మామూలే. అద్దెకిస్తే ఆ కాలానికి గోల్ఫ్ హక్కు కిరాయిదారుకు పోయి మీకు ఉండకపోవచ్చు. పైగా అద్దె బాగా వచ్చేది మీరు ఉండాలనుకుంటున్న ఆ నాలుగు నెలల్లోనే. వేసవిలో ఏదో వస్తుందని లెక్కలో రాసుకోకండి.

వాస్తు చూసేవాళ్లకు ఒక మాట. తూర్పు ముఖం ఇల్లు కావాలని పట్టుబడితే, వెనక లనాయి (కప్పున్న వరండా) పడమరకు వస్తుంది, మధ్యాహ్నం ఎండంతా అక్కడే పడుతుంది, సాయంత్రం ఆరైనా కూర్చోలేరు. ఉత్తర ముఖం తీసుకుంటే లనాయి దక్షిణానికి వచ్చి చలికాలమంతా హాయిగా ఉంటుంది. ఉత్తరం మనకూ మంచిదే కాబట్టి నేనైతే అదే తీసుకోమంటాను.

ప్రశ్న: మా అబ్బాయి టాంపాలో పనిచేస్తాడు, 38 ఏళ్లు. మేమిద్దరం 65 దాటాం, గ్రీన్‌కార్డు మీద వాడి దగ్గరే ఉంటున్నాం. దగ్గర్లో 55 ప్లస్ గోల్ఫ్ కమ్యూనిటీలో ఇల్లు వాడి పేరున కొని మమ్మల్ని ఉండమంటున్నాడు. కుదురుతుందా?
– ఒక తల్లి, టాంపా

జవాబు: చాలా చోట్ల కుదురుతుందమ్మా. అమెరికా చట్టం ప్రకారం ఇలాంటి కమ్యూనిటీలో జనం ఉంటున్న ఇళ్లలో కనీసం 80 శాతం ఇళ్లలో 55 నిండినవాళ్లు ఒకరైనా ఉండాలి. చూసేది ఉండేవాళ్ల వయసు. ఓనరు వయసు మీద కూడా షరతు పెట్టుకున్న కమ్యూనిటీలు ఉన్నాయి కాబట్టి నిబంధనల పుస్తకం మీ అబ్బాయిని చదవమనండి. ముఖ్యంగా మనవలు ఏడాదికి ఎన్ని రోజులు వచ్చి ఉండొచ్చు అన్నది చూడండి, ఎండాకాలం సెలవులన్నీ మీ దగ్గరే గడపాలనుకుంటే అక్కడ చిక్కు వస్తుంది. మరో జాగ్రత్త: గోల్ఫ్ కార్టులు తిరిగే దారిలో వాకింగ్‌కు సాధారణంగా ఒప్పుకోరు, బంతి తగిలితే ప్రమాదం. చెరువు గట్టుకు అసలు దగ్గరగా వెళ్లకండి. ఫ్లోరిడాలో ఏ మంచినీటి చెరువులోనైనా మొసలి లాంటి ఆలిగేటర్ ఉండొచ్చు, సాయంత్రం చీకటి పడే వేళ మరీ. నడవడానికి విడిగా ఫుట్‌పాత్ ఉన్న కమ్యూనిటీ చూసుకోండి. టాంపాలో రాజగోపురం ఉన్న గుడి ఉంది, అక్కడికి మీరు సొంతంగా వెళ్లిరాగల దూరంలో ఇల్లు దొరికితే మీకు పొద్దుపోతుంది.

ప్రశ్న: హెచ్1బీ మీద ఉన్న భారతీయులు ఫ్లోరిడాలో ఇల్లు కొనకూడదని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?
– ఒక పాఠకుడు, ఆర్లాండో

జవాబు: నిజం కాదు. కొన్ని దేశాలవాళ్లు ఫ్లోరిడాలో ఆస్తి కొనడం మీద ఆంక్షలు పెట్టిన చట్టం ఒకటి ఉంది. 2023 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టంలో చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియా, క్యూబా, వెనిజువెలా, సిరియా ఉన్నాయి, భారత్ లేదు. కొనుగోలు పూర్తయ్యే క్లోజింగ్ రోజున ఆ చట్టం కింద మీకు అభ్యంతరం లేదని ఒక అఫిడవిట్ మీద సంతకం పెట్టమంటారు, అది కొనే ప్రతి ఒక్కరితోనూ పెట్టిస్తారు, కంగారు పడొద్దు. మీరు చూసుకోవాల్సింది అమ్మేవాళ్లెవరన్నది. ఫ్లోరిడాలో చలికాలపు ఇళ్లు కొన్ని కెనడావాళ్లవి. విదేశీయుడి దగ్గర కొంటే ధరలో 15 శాతం పట్టి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు కట్టాల్సిన బాధ్యత కొనేవాడి మీదే ఉంటుంది, కొన్ని మినహాయింపులు ఉన్నాయి. కట్టకపోతే ఆ డబ్బు మిమ్మల్నే అడుగుతారు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టే ముందే ఇంటి హక్కు పత్రాలు చూసే మీ టైటిల్ కంపెనీని, అమ్మేవాళ్లు విదేశీయులా అన్న ఈ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి.