మిర్యాలగూడలో బట్టల షాపు ఐతారం కూడా తెరవాలంటే మున్సిపాలిటీలో జోనింగ్ పర్మిషన్ మార్చుకోవాలా?

అక్కర్లేదు. ఆ జాగాలో దుకాణం ఉండొచ్చా లేదా అన్నంతవరకే జోనింగ్. వారంలో ఎన్ని రోజులు షట్టర్ లేపాలన్నది లేబర్ ఆఫీసు చూసే పని, 1988 నాటి షాపుల చట్టం కింద. "ల్యాండ్ యూజ్ మార్పిస్తం" అని పైసలు అడిగే బ్రోకర్లు ఈ రెండింటినీ కలిపేసి భయపెడతారు. ఐతారం కోసం వాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి.

షాపు ఇంటి కింది గదుల్లో ఉంటే మాత్రం సంగతి వేరు. మంజూరైన ప్లాన్‌లో ఆ భాగం నివాసమని ఉంటే ఆరు రోజులు తెరిచినా తప్పే, ఏడు రోజులు తెరిచినా తప్పే. ఇంటి పన్ను రసీదులో నివాసమని ఉందా, నివాసేతరమని ఉందా చూడండి. కరెంటు బిల్లు ఎల్‌టీ-2 (దుకాణాల) కేటగిరీలో ఉండాలి, ఎల్‌టీ-1 అంటే అది ఇంటి మీటరే. ట్రేడ్ లైసెన్సు కూడా చెల్లుబాటులో ఉండాలి. ఇవి సరిగా లేకుండా ఐతారం మాట ఎత్తకండి.

ఇక రోజుల విషయం. లేబర్ రిజిస్ట్రేషన్‌లో పనివాళ్ల సంఖ్య ఇప్పుడున్నట్టు సరిచేయించి, వారంలో ఒకరోజు షాపు మూయాలన్న నియమం (వారం బంద్) నుంచి మినహాయింపు ఏఎల్‌ఓను, అంటే అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌ను అడగండి. వచ్చిన జవాబు కాగితం మీద తీసుకోండి, నోటిమాట పనికిరాదు. దుకాణాలు 24 గంటలూ తెరవొచ్చని 2023 ఏప్రిల్‌లో వచ్చిన జీవో వేరు. అది దానంతటదే వర్తించదు, కావాలన్నవాళ్లు ఏడాదికి 10,000 అదనపు ఫీజు కట్టాలి. రాత్రి తొమ్మిదికి మూసే బట్టల షాపుకు దానితో పనేముంది?

షాపుకు సెలవు లేకపోయినా మనిషికి వారానికో రోజు సెలవు ఇవ్వాల్సిందే. అందరూ పట్టుబడేది ఇక్కడే. తనిఖీకి వచ్చినవాళ్లు గల్లా వైపు చూడరు, హాజరు రిజిస్టర్ తెమ్మంటారు. నెల మొత్తం ఒకే పెన్ను, అక్షరాల్లో ఒకే ఒత్తు, ఒకే వాలు ఉంటే ఆ పేజీ నెలాఖరున కూర్చుని ఒక్కసారే నింపారని ఎవరికైనా తెలిసిపోతుంది. మంగళవారం సెలవని రాసిన అమ్మాయి ఆ మంగళవారమే కౌంటర్‌లో చీరలు మడతపెడుతూ కనిపిస్తే ఇక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఏ రోజు సంతకం ఆ రోజే పెట్టించండి.

మనుషుల లెక్క ముందే వేసుకోండి. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఏడు రోజులంటే 84 గంటలు. కౌంటర్‌లో ఎప్పుడూ ఇద్దరుండాలంటే 168. ఒకరితో వారానికి 48 గంటలే చేయించాలి కాబట్టి ముగ్గురు సరిపోరు, నలుగురు కావాలి. నలుగురుంటే 24 గంటలు మిగులుతాయి, ఎవరికైనా జ్వరమొస్తే మూడు రోజులు నెట్టుకురావచ్చు. ముగ్గురితోనే లాగితే మిగతా గంటలకు ఓవర్‌టైమ్ రెట్టింపు ఇవ్వాలి. నెలకు 15,600 జీతమైతే 26 రోజుల లెక్కన రోజుకు 600, గంటకు 75, ఓవర్‌టైమ్ 150. ఐతారం అమ్మకాల లాభం ఈ ఖర్చును దాటుతుందా? పెళ్లిళ్ల సీజన్‌లో, బతుకమ్మ ముందర దాటుతుంది. ఆషాఢంలో అనుమానమే.

మార్కెట్‌లో వర్తక సంఘం పెట్టుకున్న బంద్ రోజు చట్టం కాదు. అయినా షట్టర్ లేపే ముందు సంఘం పెద్దలకు ఆ లేబర్ కాగితం చూపించండి, పక్క దుకాణాలవాళ్లతో గొడవ రాదు.