పెట్టెలో దొరికిన అమెరికా డాలర్లు: తూకానికి అమ్మొచ్చా?

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో అమెరికా వెండి డాలర్లు మూడు దొరికాయి. సంవత్సరాలు 1884, 1893, 1921. నల్లబడ్డాయి. వెండి కొట్లో తూకం లెక్క కడతామంటున్నారు. చింతపండుతో తోమి అమ్మేయమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చింతపండు, విభూతి, టూత్‌పేస్టు ఏదీ తగలనివ్వకండి. తోమితే నాణెం మీద వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి, సేకర్తలు అది చూడగానే ధర తగ్గించేస్తారు. నలుపు వాళ్లకు దోషం కాదు.

మీరు చెప్పిన సంవత్సరాలను బట్టి ఇవి మోర్గాన్ డాలర్లు కావచ్చు (1878–1904, మళ్లీ 1921). 1921లోనే పీస్ డాలరు కూడా మొదలైంది. వెనక గద్ద రెక్కలు చాచి ఉంటే మోర్గాన్, ముడుచుకుని బండరాయి మీద కూర్చుంటే పీస్. రెండింటికీ తూకం 26.73 గ్రాములు, వెండి 90 శాతం, అంటే 24 గ్రాముల పైచిలుకు. బాగా అరిగితే కొంచెం తగ్గొచ్చు.

తూకం ఒక్కటీ చాలదు. పాయింట్లు చూపించే చిన్న త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, అడుక్కీ అంచుకీ తగలకుండా నీళ్లలో ముంచండి. త్రాసు 2.6 దగ్గర ఆగితే లోహం సరైనదే. అదే తూకంతో రాగి-నికెల్ నకిలీ అయితే 3 చూపిస్తుంది.

ఇప్పుడు భూతద్దంతో వెనకవైపు, ఆకుల దండ ముడి కింద చూడండి. అక్కడ చిన్న అక్షరం ఉంటే అది టంకశాల గుర్తు: ఓ న్యూ ఆర్లియన్స్, ఎస్ శాన్‌ఫ్రాన్సిస్కో, సీసీ కార్సన్ సిటీ, డి డెన్వర్ (1921లో మాత్రమే). ఏదీ లేకపోతే ఫిలడెల్ఫియా. 1921ది మోర్గాన్ అయితే కోట్లలో అచ్చయింది, వెండి ధర మీద కాస్త ఎక్కువ వస్తుందంతే. 1884 మీద ఓ ఉన్నా అంతే.

అసలు సంగతి 1893 మీద ఉంది. దాని మీద ఎస్ ఉంటే అచ్చు వేసినవి లక్షే. అరిగినదే వేల డాలర్లు పలుకుతుంది. అందుకే ఫిలడెల్ఫియా నాణేనికి ఎస్ అతికించే మోసగాళ్లూ ఎక్కువే. అక్షరం చుట్టూ అతుకు గీత ఉందేమో చూడండి. నిజమైన వాటన్నిటి ముందువైపూ ఒకే అచ్చుదిమ్మతో కొట్టారు. తలపట్టీ మీది ‘లిబర్టీ’లో టీ అక్షరం పైభాగాన ఏటవాలుగా ఉబ్బిన సన్నగీత దాని గుర్తు. అది కనిపిస్తే తూకానికి ఇవ్వకండి, నాణేలను పరీక్షించే అమెరికా సంస్థలు పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ చేత ధ్రువీకరణ చేయించండి.

అచ్చు లెక్కలు చూసి ‘ఇన్ని ఉన్నాయిగా’ అనుకోవద్దు. 1918లో అమెరికా చేసిన పిట్‌మన్ చట్టం కింద 27 కోట్ల వెండి డాలర్లు కరిగించేశారు. ఆ వెండిలో అత్యధిక భాగం బ్రిటన్ కొని, రూపాయలు కొట్టడానికి మన దేశానికే పంపింది!

ప్రశ్న: పది డాలర్ల బంగారు నాణెం, 1901ది, గొలుసులో వేసుకోవడానికి కొక్కెం అతికించి ఉంది. 22 క్యారెట్లేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: 21.6 క్యారెట్లు. తూకం 16.72 గ్రాములు, అందులో మేలిమి 15.05. కొక్కెం అతికించాక సేకర్తల ధర పోయినట్టే. 15.05ని ఆ రోజు 24 క్యారెట్ల గ్రాము ధరతో గుణించి బేరమాడండి. కొక్కెం బరువు కలిపి తూచి, మొత్తానికి ఒకే క్యారెట్ లెక్క కడితే ఒప్పుకోకండి.