తాతగారి స్టాండర్డ్ హెరాల్డ్‌కి మారుతి ఇంజన్ వేయించొచ్చా?

వేయించొచ్చు. వేయించకండి.

కావలి ఇంట్లో ఏళ్ళ తరబడి కదలని పాత హెరాల్డ్ కారు ఉందనీ, తోలితే మజా రావాలంటే ఓమ్నీ ఇంజను పెట్టమని మెకానిక్ చెప్పాడనీ రాశారు. లెక్క చూడండి. మీ కారుది 948 సీసీ, ఒక కార్బురేటర్‌తో సుమారు 35 హార్స్ పవర్. ఓమ్నీ 796 సీసీ ఇంజనూ దాదాపు అంతే ఇస్తుంది. అంత మాత్రానికి మౌంటింగులు కోయించి, ప్రొపెల్లర్ షాఫ్టు కొత్తగా చేయించి, ఆర్సీలో ఇంజను నంబరు మార్పించాలి. ఆ చివరిదానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీఓ అనుమతి ముందే ఉండాలి.

ఈ కారు మజా ఇంజన్‌లో లేదు. హెరాల్డ్ బొమ్మ గీసిన ఇటలీ డిజైనర్ మికెలొట్టీయే 1962 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారునీ గీశాడు, దాని ముందు సస్పెన్షను, స్టీరింగు హెరాల్డ్‌వే. 25 అడుగుల్లో చుట్టూ తిరిగే బండి, నెల్లూరు ట్రంకు రోడ్డులో కూడా ఒక్క తిప్పుతో వెనక్కి మళ్ళుతుంది. డబ్బు పెట్టాల్సింది చక్రాల దగ్గర.

మొదట ట్రనియన్లు. ముందు చక్రం తిరిగే నిలువు కమ్మీ కింది చివర త్రెడ్ ఉంటుంది, అది కంచు గుండులోకి బిగుసుకుని ఉంటుంది, ఆ గుండే ట్రనియన్. నిపుల్ కనిపిస్తే చాలు, మన షెడ్లలో గ్రీజు కొట్టేస్తారు. అక్కడే కొంప మునుగుతుంది. గ్రీజు గట్టిపడి దారి మూసేస్తుంది, కిందికి ఏమీ దిగదు, వాననీళ్ళు చేరి కమ్మీని తినేస్తాయి. విరిగేది వేగంలో కాదు, ఎక్కువగా పార్కింగులో, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు. చక్రం బయటికి పడుకుంటుంది. అక్కడ పోయాల్సింది ఈపీ 90 గేరాయిల్. ఒక గ్రీజు గన్ను కిరోసిన్‌తో కడిగి దీనికే ఉంచండి. చక్రం జాకీ మీద లేపి, పైనించి నూనె కారేదాకా కొట్టండి. 5,000 కిలోమీటర్లకొకసారి, వానలకి ముందొకసారి. ఇప్పుడు మాత్రం రెండువైపులా విప్పి, త్రెడ్ మీద గుంటలు పడితే కమ్మీ కూడా మార్చండి, వెల్డింగు పెట్టించొద్దు. కుడివైపుది కుడి త్రెడ్, ఎడమవైపుది ఎడమ త్రెడ్. చివరిదాకా బిగించి, స్టీరింగు రెండువైపులా పూర్తిగా తిరిగేలా కొంచెం వెనక్కి వదలాలి, ఒక చుట్టు లోపే.

తర్వాత వెనక చక్రాలు. సగం బాధలకి మూలం ఇదే, తర్వాత వచ్చిన స్టాండర్డ్ గజెల్ కారుకి రెండు చక్రాలనీ కలిపే మామూలు గట్టి హౌసింగ్ పెట్టారు. హెరాల్డ్‌లో చక్రాలని తిప్పే హాఫ్ షాఫ్టులు మధ్యలోని గేరు డబ్బా, అంటే డిఫరెన్షియల్ దగ్గర మడుచుకుంటాయి, పైన అడ్డంగా ఒకే కమాను కట్ట. రాపూరు ఘాట్ దిగుతున్నారనుకోండి. మలుపులో వేగం ఎక్కువైందని సగంలో యాక్సిలరేటర్ వదిలేస్తారు. బరువు ముందుకి పోతుంది, వెనక భాగం లేస్తుంది, బయటివైపు చక్రం బండి కిందికి ముడుచుకుంటుంది. టైరు అంచు మీద నిలబడ్డ బండి గిర్రున తిరుగుతుంది. అందుకే వేగం మలుపుకి ముందే తగ్గించుకుని, మలుపులో యాక్సిలరేటర్ పట్టి ఉంచాలి. పార్టుల్లో మందు కూడా ఉంది: కమాను కట్టకీ డిఫరెన్షియల్‌కీ మధ్య 25 మిల్లీమీటర్ల దిమ్మె, దానికి తగ్గ పొడుగు స్టడ్లు. ఇద్దరు కూర్చున్నాక వెనక చక్రాలు పైభాగం లోపలికి ఒకటి రెండు డిగ్రీలు వాలాలి. టైర్లు 145/80 ఆర్ 13 రేడియల్, గాలి ముందు 22, వెనక 26తో మొదలుపెట్టండి. వెడల్పు టైర్లేసి ఫెండర్లు బయటికి ఉబ్బించే ఫ్యాషన్‌ని చూసి మురిసిపోకండి, స్టీరింగు బరువెక్కి ఉన్న సరదా పోతుంది.

ఇంజను విప్పేముందు ఒక పరీక్ష. డయల్ గేజి క్రాంకు పుల్లీ మీద పెట్టి, ఒకరు క్లచ్ తొక్కి వదులుతుంటే చూడండి. 0.004 నుంచి 0.008 అంగుళం కదలిక మామూలు. 0.015 దాటితే క్రాంకు ముందుకీ వెనక్కీ జరక్కుండా ఆపే అరచంద్రాకారపు థ్రస్ట్ వాషర్లు అరిగినట్టే, అలాగే తోలితే అవి కింది ఆయిల్ సంపులో రాలి క్రాంకు బ్లాకుని కోసేస్తుంది. సంపు దించి వెనక మెయిన్ క్యాపు విప్పి, క్రాంకు దించకుండానే మార్చొచ్చు, గాళ్ళు క్రాంకు వైపు. సిగ్నల్లో క్లచ్ తొక్కిపెట్టి కూర్చునే అలవాటే వీటిని తినేది. ఇక సందులు: టాపెట్లు చల్లటి ఇంజన్ మీద 0.010, పాయింట్లు 0.015, ప్లగ్గు 0.025 అంగుళం. ఒకటో వాల్వు పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఎనిమిదోదాని టాపెట్ సర్దాలి, రెండైతే ఏడోది: కలిపితే తొమ్మిది రావాలి.

ఇక మన ఎండలు. ఇన్లెట్, సైలెన్సర్ మానిఫోల్డ్ రెండూ ఒకే వైపు, కార్బురేటర్ పొయ్యి మీద కూర్చున్నట్టే. రోహిణీ కార్తెలో టోల్‌గేటు దగ్గర ఐదు నిమిషాలు ఆగితే పెట్రోలు పైపులోనే ఆవిరై బండి మొరాయిస్తుంది. ఒక మిల్లీమీటరు అల్యూమినియం రేకు అడ్డం, కార్బురేటర్ కింద బేకలైట్ ముక్క, పైపు మానిఫోల్డ్‌కి దూరంగా. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలుకి పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం మెత్తబడతాయి, ఇథనాల్‌కి తట్టుకునేవి వేయండి, మెయిన్ జెట్టు ఒక సైజు పెంచండి. థర్మోస్టాట్ తీసి పారేస్తే చల్లగా ఉంటుందనేవాళ్ళ మాట నమ్మొద్దు, 82 డిగ్రీలది ఉంచండి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెడితే డైనమో లాగలేదు, మారుతి 800 ఆల్టర్నేటర్ కావాలి. అంతకుముందు బండి పాజిటివ్ ఎర్తా (బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపిందా) కాదా చూసుకోండి, అయితే నెగటివ్‌కి మార్చి కాయిల్, అమ్మీటర్ వైర్లు అటూ ఇటూ చేయాలి.

కావలి ఉప్పుగాలికి చాసిస్ నుంచి పక్కకి వచ్చి బాడీని మోసే చేతులు తుప్పు పట్టే ఉంటాయి. బాడీ దించకుండా, తలుపులు మూసి సందులు కొలిచి, ఒక్కోటి చొప్పున వెల్డ్ చేయించండి. పుట్టీతో కప్పితే రెండో ఏడు తలుపు మూసుకోదు.

2021 నుంచి 50 ఏళ్ళు దాటిన బండ్లకి వింటేజ్ గుర్తుగా ‘వీఏ’ నంబరు ఇస్తున్నారు. అది తీసుకుంటే ప్రదర్శనకీ ర్యాలీకీ తప్ప రోజువారీ తోలడానికి కుదరదు. మీకు కావాల్సింది తోలడమే కాబట్టి మామూలు ఆర్సీనే ఫిట్‌నెస్‌తో ఐదేళ్ళకొకసారి రెన్యువల్ చేయించుకోండి. ఆ ట్రనియన్ నిపుల్ పక్కన ఎర్ర పెయింటుతో ‘గ్రీజు కొట్టొద్దు’ అని మీరే రాయండి, షెడ్డులో చెప్తే మర్చిపోతారు.