దరఖాస్తు కంటే ముందు వార్డులో నిలబడు

చి. అమ్ములుకు,
మామయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ అందింది. జవాబు తెలుగులోనే రాయాలని మీ అమ్మ ఫోనులో షరతు పెట్టింది. ఏడో తరగతి దాకా గుంటూరులో చదివిన పిల్ల టెక్సాస్‌లో అక్షరాలు మరిచిపోతుందేమోనని అక్క బెంగ. తీరిక చూసుకుని చదువు, కష్టమైన చోట అమ్మను పట్టుకో.

నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు: ఫిజికల్ థెరపీ (మన దగ్గర ఫిజియోథెరపీ అంటారు) కోర్సుకు దరఖాస్తు ఎప్పుడు వేయాలి, జీఆర్ఈ ప్రవేశ పరీక్ష రాయాలా వద్దా, 4కి 3.4 జీపీఏ సరిపోతుందా. వాటికి జవాబులు కింద ఉన్నాయి. ముందు నా ప్రశ్న ఒకటి. ఈ పని చేసేవాళ్లను నువ్వు ఎక్కడెక్కడ చూశావు?

నాకు తెలిసి ఒక్కచోటే. టెన్నిస్ ఆడుతూ నీ మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంటు తెగినప్పుడు ఆరేడు నెలలు తిరిగిన ఆ క్లినిక్కులో. గోడంతా అద్దాలు, పెద్దగా పాటలు, వచ్చేవాళ్లందరూ పాతికేళ్లలోపు ఆటగాళ్లు. ఆ వయసు కండరానికి దారి చూపిస్తే చాలు, అదే పరుగెత్తుతుంది. నిన్ను నడిపించిన అమ్మాయి మంచి థెరపిస్టే, కాదనను. కానీ ఆ క్లినిక్కు మా వృత్తికి పెళ్లి ఫొటో లాంటిది. సంసారం చూడాలంటే వేరే చోటికి రావాలి.

మొన్న మంగళవారం నా మొదటి రోగికి 84 ఏళ్లు. పక్షవాతం వచ్చి రెండో రోజు. ఎడమ చెయ్యి తనదేనన్న సంగతే ఆయనకు తెలియడం లేదు. మంచం అంచున కూర్చోబెట్టడానికి నాకు తోడు ఇంకొకరు కావలసి వచ్చింది. నడుముకు బెల్టు కట్టి, మూత్రం సంచి, సెలైన్ గొట్టం చిక్కుపడకుండా సర్ది, బీపీ చూసి, ఆయన పొమ్మని తిడుతుంటే బతిమాలి లేపాం. నాలుగు నిమిషాలు కూర్చున్నాడు. ఆ రోజుకు అదే గెలుపు. ఈలోగా పక్క తడిసింది, నర్సుతో కలిసి దుప్పట్లు మార్చాం. ఆ తర్వాత ఆ నాలుగు నిమిషాల గురించి కంప్యూటర్ ముందు కూర్చుని పావుగంట రాశాను. రోగి బాగానే ఉన్నాడు అంటే బీమా వాళ్లు ఒప్పుకోరు. ఎంత సాయం పట్టింది, ఎంతసేపు నిలిచాడు, ఇది థెరపిస్టే ఎందుకు చేయాల్సి వచ్చింది, అన్నీ ఉండాలి. ఇలా రోజుకు తొమ్మిది పదిమంది.

ఇది చదివాక కూడా నీకు ఈ పని మీద మనసు నిలిచి ఉంటే మిగతా ఉత్తరం చదువు. నిలవకపోతే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇప్పుడు రెండో ఏడాదిలో తెలియడం అదృష్టం, లక్ష డాలర్ల అప్పు తర్వాత తెలిస్తేనే దుఃఖం.

థెరపిస్టు పక్కన నిలబడి పని చూసే పరిశీలన గంటలను ఒక తంతుగా పూర్తి చేసేవాళ్లు చాలామంది ఉంటారు. కళాశాలల్లో కొన్ని అసలు అడగవు, కొన్ని 40 అంటాయి, కొన్ని 100 దాటిస్తాయి. నువ్వు ఎవరు అడిగినా అడగకపోయినా కనీసం మూడు రకాల చోట్ల నిలబడు: ఆసుపత్రి వార్డు, ముసలివాళ్లను ఉంచి చూసుకునే నర్సింగ్ హోమ్, మామూలు ఔట్‌పేషెంట్ క్లినిక్కు. వీలైతే పిల్లల విభాగం కూడా. ఆసుపత్రిలోకి రానివ్వడానికి టీబీ పరీక్ష, ఫ్లూ టీకా, రోగి గోప్యత మీద చిన్న శిక్షణ లాంటివి అడుగుతారు. ఆ కాగితాలకే వారాలు పడుతుంది కాబట్టి వేసవిలో వెళ్లాలంటే సంక్రాంతి నాటికే అడగడం మొదలుపెట్టు. గంటలకు థెరపిస్టు ధ్రువీకరణ కావాలనే కళాశాలలు ఉన్నాయి. వాళ్ల లైసెన్సు వివరాలు, మెయిల్ చిరునామా ఆ రోజే రాసుకో. ఏడాది తర్వాత వెతికితే ఆ మనిషి ఉద్యోగం మారి ఉంటాడు.

నిలబడినప్పుడు ఏం చూడాలో చెప్తాను, ఇది నీకు ఎవరూ చెప్పరు. వ్యాయామాలు చూడకు, అవి వీడియోల్లోనూ దొరుకుతాయి. థెరపిస్టు చేతులు ఎక్కడున్నాయో చూడు. పట్టు ఎప్పుడు బిగించింది, ఎప్పుడు వదిలింది, రోగి ముఖంలో ఏం కనిపించి ఆగింది. కుర్చీలోంచి లేవలేని ముసలావిడకు మేము ‘ముక్కు కాలి వేళ్ల మీదికి రావాలమ్మా’ అంటాం. ఆ ఒక్క మాటతో బరువు ముందుకు జరిగి, అరగంట నుంచి లేవని మనిషి లేస్తుంది. ఎందుకు లేచిందో ఆ రాత్రి నోటుపుస్తకంలో రాసుకో. రోగి పేరు, ఊరు మాత్రం రాయకు. ఆ పుస్తకమే తర్వాత నీ దరఖాస్తు వ్యాసానికి ముడిసరుకు.

భౌతికశాస్త్రం అంటే భయమని రాశావు. ఇందాకటి ముసలావిడ లేవడంలో ఉన్నది మీటలు, గరిమనాభి, తిప్పే బలం (టార్కు) తప్ప ఇంకేమీ కాదు. రోగిని నీ ఒంటికి దగ్గరగా పట్టుకుంటే నీ నడుము మిగులుతుంది, దూరంగా పట్టుకుంటే మిగలదు. రెండు సెమిస్టర్ల ఫిజిక్స్ ల్యాబ్‌తో సహా దాదాపు అందరూ అడుగుతారు. దానితోపాటు రసాయనశాస్త్రం రెండు, జీవశాస్త్రం, శరీర నిర్మాణం, శరీరధర్మశాస్త్రం, గణాంకాలు, మనస్తత్వశాస్త్రం. ఇవి కళాశాలను బట్టి మారతాయి. ఆన్‌లైన్ ల్యాబ్‌ను ఒప్పుకోనివాళ్లు, పాతబడిన మార్కులను లెక్కలోకి తీసుకోనివాళ్లు ఉన్నారు. ఇప్పుడే ఎనిమిది కళాశాలలు ఎంచుకుని, ఒక్కొక్కటీ ఏమడుగుతుందో ఒక స్ప్రెడ్‌షీట్‌లో వేసుకో. మీ నాన్న సాఫ్ట్‌వేర్ మనిషి, ఆయనకు ఇదైనా పని అప్పజెప్పు.

ఇక 3.4 సంగతి. చాలా చోట్ల కనీస అర్హత 3.0. చేరుతున్నవాళ్ల సగటు మాత్రం 3.5 పైన ఉంటుంది. కనుక నీది ఆశ వదులుకునే అంకె కాదు, నిద్రపోయే అంకె కూడా కాదు. ఇందులో ఒక మెలిక ఉంది. దరఖాస్తులు పీటీకాస్ అనే ఉమ్మడి సేవ ద్వారా వెళ్తాయి. అది నీ మార్కులను తన పద్ధతిలో మళ్లీ లెక్కిస్తుంది. నువ్వు ఒక కోర్సు మళ్లీ చదివితే నీ కాలేజీ పాత ‘సి’ గ్రేడును తుడిచేసి కొత్త ‘ఏ’ గ్రేడును ఉంచినా, పీటీకాస్ రెండింటినీ కలుపుతుంది. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో తీసుకున్న కోర్సు కూడా చూపించాలి, ఆ ట్రాన్స్‌క్రిప్టు కూడా తెప్పించాలి. రెండుసార్లు రాయడం కంటే ఒకసారి కుదురుగా చదవడం మేలు. ఒక సెమిస్టర్‌లో అనాటమీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ పెట్టుకోకు.

జీఆర్ఈని వదిలేసిన కళాశాలలు ఇప్పుడు చాలా ఉన్నాయి. నీ ఎనిమిదింటిలో ఎవరైనా అడిగితే రాయి, లేకపోతే ఆ వేసవిని వార్డులో గడుపు. 2023 సెప్టెంబరు నుంచి ఆ పరీక్ష కూడా రెండు గంటలకు కుదించుకుపోయింది, పెద్ద బూచి ఏమీ కాదు.

దరఖాస్తు నువ్వు మూడో ఏడాది పూర్తిచేసిన జూన్‌లో తెరుచుకుంటుంది. గడువు అక్టోబరు, నవంబరు అని ఉన్నా దాన్ని చూసి కూర్చోకు. చాలా కళాశాలలు వచ్చినవాటిని వచ్చినట్టే చూసి సీట్లు ఇచ్చుకుంటూ పోతాయి. పైగా నువ్వు నింపిన కోర్సులను ట్రాన్స్‌క్రిప్టులతో సరిచూడటానికి పీటీకాస్‌కు వారాలు పడుతుంది. ఆగస్టుకల్లా పంపెయ్యి. దరఖాస్తు రుసుమే మొదటి కళాశాలకు 150 డాలర్లు దాటుతుంది, తర్వాత ఒక్కొక్కదానికీ మరో 60 పైన. అందుకే ఎనిమిది అన్నాను, ఇరవై అనలేదు.

సిఫార్సు లేఖ నన్ను రాయమంటావని తెలుసు. బంధువులు రాయకూడదు, అది నియమం. నియమం లేకపోయినా రాయను, మేనమామ మాటకు ఏం విలువ? నీ పనిని చూసిన థెరపిస్టు ఒకరు, ల్యాబ్‌లో నిన్ను ఎరిగిన అధ్యాపకులు ఒకరిద్దరు చాలు. పేరున్న ప్రొఫెసరు రాసిన నాలుగు పొడి వాక్యాల కంటే, నువ్వు తడబడిన రోజు కూడా చూసిన మామూలు లెక్చరరు రాసింది నయం.

వ్యాసం సంగతి కొంచెం కటువుగా చెప్తాను. ఖాళీలతో కలిపి 4,500 అక్షరాలు ఇస్తారు. మా ఆసుపత్రికి శిక్షణకు వచ్చే విద్యార్థులు తమ వ్యాసాలు చూపిస్తుంటారు, కొత్తగా దరఖాస్తు చేసేవాళ్లూ పంపుతుంటారు. వాటిలో చాలావరకు తెగిన మోకాలితోనే మొదలవుతాయి. నీ మోకాలు నీకు అపురూపం, సీట్లు ఇచ్చే కమిటీకి ఆ ఉదయం చదివిన పదో మోకాలు. దానికి రెండు వాక్యాలు ఇచ్చి, మిగతాది నువ్వు చూసిన మనుషులకు ఇవ్వు. ‘నాకు సేవ చేయాలని ఉంది’ అన్న వాక్యం కనిపిస్తే నేనే కొట్టేస్తాను. ఇంటర్వ్యూ గురించి బెంగపడకు, వార్డులో నిలబడిన పిల్ల మాట్లాడగలుగుతుంది.

ఇక డబ్బు. ఇక్కడ నెమ్మదిగా చదువు, నాన్నను కూడా పక్కన కూర్చోబెట్టుకో.

నేను విజయవాడలో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివి 1995లో ఇక్కడికి వచ్చాను. నాలుగున్నరేళ్ల చదువు, చదువుకు పెద్ద అప్పు లేదు, డిగ్రీలను పోల్చి చూపించి, లైసెన్సు పరీక్ష రాస్తే ఉద్యోగం. ఇప్పుడు ఇక్కడ చదివేవాళ్లకు డీపీటీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ, ఒక్కటే దారి. మామూలు డిగ్రీ నాలుగేళ్ల పైన ఇంకో మూడేళ్లు. ఈ డీపీటీ క్రైటన్ విశ్వవిద్యాలయంలో 1993లో మొదలైంది, తర్వాత అన్ని చోట్లా అదే ప్రమాణమైంది. పేరు ముందు డాక్టర్ వచ్చింది, జీతం మాత్రం ఆ పేరుకు తగ్గట్టు పెరగలేదు. ప్రభుత్వ కార్మిక గణాంకాల ప్రకారం 2024లో ఫిజికల్ థెరపిస్టుల మధ్యస్థ వార్షిక ఆదాయం 1,01,020 డాలర్లు. మంచి బతుకే. కానీ కొన్ని ప్రైవేటు కళాశాలల ఫీజే లక్ష దాటి పోతుంది, తిండి, అద్దె వేరే. లక్ష అప్పుకు 8 శాతం వడ్డీ వేసుకుంటే నెలకు 660 డాలర్లకు పైగా వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది.

పైగా ప్రభుత్వ విద్యా రుణాల నియమాలు మారాయి. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు పీజీ విద్యార్థులు మిగతా ఖర్చంతటికీ తీసుకునే గ్రాడ్ ప్లస్ రుణం ఉండదు. పీజీ విద్యార్థికి ఏడాదికి 20,500, మొత్తం లక్ష డాలర్ల పరిమితి. వైద్యం, న్యాయశాస్త్రం లాంటి వృత్తి డిగ్రీలకు ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షలు. ఆ వృత్తి డిగ్రీల జాబితాను విద్యాశాఖ ప్రతిపాదించినప్పుడు అందులో ఫిజికల్ థెరపీ లేదు. నువ్వు దరఖాస్తు చేసే నాటికి పరిస్థితి ఎలా ఉందో కళాశాల ఆర్థిక సహాయ కార్యాలయంలో అడుగు. ఈ కారణంగానే నీ జాబితాలో పైన టెక్సాస్ ప్రభుత్వ కళాశాలలు ఉండాలి: డాలస్‌లో యూటీ సౌత్‌వెస్టర్న్, డాలస్, హ్యూస్టన్‌లలో టెక్సాస్ ఉమెన్స్ యూనివర్సిటీ, గాల్వెస్టన్‌లో యూటీఎంబీ. రాష్ట్రంలో ఉన్నవాళ్ల ఫీజు, ఇంటి అన్నం. పేరున్న ప్రైవేటు కళాశాల మీద మోజు పడితే ఒక్క మాట గుర్తుంచుకో: ఎక్కడ చదివినా చివర్లో రాసే ఎన్‌పీటీఈ లైసెన్సు పరీక్ష ఒకటే. రోగి నిన్ను ఏ కళాశాల అని అడగడు, నొప్పి ఎప్పుడు తగ్గుతుందని అడుగుతాడు.

కళాశాలకు కాప్టే గుర్తింపు (ఫిజికల్ థెరపీ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ అది) ఉందో లేదో చూడటం మరిచిపోకు. గుర్తింపు ఉన్నవాళ్లు ఎంతమంది చదువు పూర్తిచేశారో, ఎంతమంది పరీక్ష నెగ్గారో, ఎంత ఖర్చవుతుందో వెబ్‌సైటులో పెట్టి తీరాలి. రంగురంగుల ఫొటోలు దాటుకుని ఆ పేజీకి వెళ్లు.

నీ స్నేహితురాలు కూడా ఇదే కోర్సు అనుకుంటోందని రాశావు, ఆ పిల్ల ఇంకా తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడ్డ హెచ్4 మీదే ఉంది కదా. నీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ప్రభుత్వ రుణం దొరుకుతుంది, ఆ పిల్లకు దొరకదు. 21 నిండగానే సొంతంగా ఎఫ్1 విద్యార్థి వీసా చూసుకోవాలి. చదువయ్యాక ఇక్కడ పనిచేసే గడువును సైన్సు, ఇంజనీరింగ్ వాళ్లకు పెంచే స్టెమ్ ఓపీటీ పొడిగింపు కూడా ఫిజికల్ థెరపీకి లేదు. ఆ అమ్మాయి వాళ్ల అమ్మానాన్నలు ఇది ముందే లెక్కేసుకోవాలని చెప్పు, నొచ్చుకుంటారని మొహమాటపడకు.

ఇంకొకటి. ఈ ఉద్యోగానికి ఢోకా లేదని అందరూ అంటారు. నేనూ అలాగే నమ్మాను. 1997లో వచ్చిన బడ్జెట్ చట్టంతో ముసలివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే బీమా, మెడికేర్, చెల్లించే పద్ధతి మారింది. నర్సింగ్ హోముల ఆదాయం పడిపోయింది. 1999 జనవరి నుంచి ఔట్‌పేషెంట్ ఫిజికల్ థెరపీకి, స్పీచ్ థెరపీకి కలిపి రోగికి ఏడాదికి 1,500 డాలర్లే అన్నారు. నేను పనిచేసే నర్సింగ్ హోమ్ ఒక శుక్రవారం సాయంత్రం మా ఐదుగురిని ఇంటికి పంపింది. అప్పుడు నాది హెచ్1 వీసా, మీ అత్తయ్యకు ఆరో నెల. మూడు వారాలు నిద్ర లేదు. ఆ తర్వాత రెండు గంటల దూరంలో ఒక ఆసుపత్రిలో రాత్రి పని దొరికింది. ఆ పరిమితిని పూర్తిగా ఎత్తేయడానికి 2018 దాకా పట్టింది. నువ్వు చేసే వైద్యం విలువను ఎక్కడో వాషింగ్టన్‌లో ఒక పట్టికలో నిర్ణయిస్తారు. అప్పు తక్కువగా ఉన్నవాడే అలాంటి ఏడాదిని తట్టుకుంటాడు.

ఇంతా చెప్పి నేను ఎందుకు ముప్పై ఏళ్లుగా ఇదే చేస్తున్నానని అడుగుతావు. మా నాన్న చివరిదాకా ఊళ్లో ‘మావాడు కాళ్లూ చేతులూ పట్టే డాక్టరు’ అనే చెప్పేవాడు. మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేదనిపిస్తుంది. ఆ 84 ఏళ్ల పెద్దాయన నిన్న పదకొండు నిమిషాలు కూర్చున్నాడు, ఎడమ చేతిని కుడిచేత్తో పట్టుకుని ఒడిలో పెట్టుకున్నాడు. తనదని గుర్తుపట్టాడన్నమాట. తిట్టడం మాత్రం మానలేదు.

డిసెంబరు సెలవుల్లో డెట్రాయిట్ రా. మా ఆసుపత్రిలో వేరే థెరపిస్టు వెంట నాలుగు రోజులు నిలబడేలా అడిగి చూస్తాను, నా వెంట గడిపిన గంటలు ఏ కళాశాలా లెక్కలో వేసుకోకపోవచ్చు. టీకా కాగితాలు అక్టోబరులోనే పంపు. పని ఉదయం ఏడింటికి మొదలవుతుంది, మంచులో కారు తియ్యడానికే అరగంట పడుతుంది. మంచు బూట్లు వేరు, వార్డులో జారని బూట్లు వేరు, రెండూ తెచ్చుకో. అత్తయ్య గోంగూర పచ్చడి నీకోసం ఫ్రిజ్‌లో దాచింది, నన్ను ముట్టనివ్వడం లేదు.

అక్కను, బావను అడిగానని చెప్పు.

మామయ్య