ఎర్ర తలుపుల చర్చికి మేం వెళ్లొచ్చా?

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం, పుట్టింటివాళ్లది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా). పెళ్లయ్యాక డాలస్ వచ్చేశాం. తెలుగు ఫెలోషిప్ చాలా దూరం, ప్రతి ఆదివారం కుదరట్లేదు. ఇంటికి దగ్గర్లోనే రాతి చర్చి ఒకటుంది, ఎర్ర తలుపులు, బయట ఎపిస్కోపల్ చర్చ్ అని, అందరికీ స్వాగతం అని బోర్డు. లోపలికెళ్లడానికి ధైర్యం చాలట్లేదు. మా ఆయన హిందువు, బాబుకి నాలుగేళ్లు. ఏం కట్టుకుని వెళ్లాలి, నాకు బల్ల (ప్రభువు భోజనం, అంటే కమ్యూనియన్) ఇస్తారా, మా ఆయన్ని మతం మారమంటారా, డబ్బులు అడుగుతారా?
— డాలస్ పాఠకురాలు

జవాబు: వెళ్లమ్మా, హాయిగా వెళ్లు. అసలు నువ్వు అనుకుంటున్నంత పరాయి చర్చి కాదది. ఇంగ్లండ్ వాళ్ల ఆంగ్లికన్ సభ అమెరికాకి స్వతంత్రం వచ్చాక 1789లో ఇక్కడ సొంతంగా ఎపిస్కోపల్ చర్చ్ అయింది. మన డోర్నకల్‌లో 1912 నుంచి అజరయ్య గారు బిషప్‌గా ఉన్నది కూడా ఆ ఆంగ్లికన్ కుటుంబంలోనే, తర్వాత 1947 సెప్టెంబరులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకా కొందరు కలిసి సీఎస్ఐ అయ్యారు. అంటే నీకు అక్కడ చుట్టరికం ఉంది, మీ రెండు సభల మధ్య బల్ల పొత్తు కూడా ఉంది, అంటే ఒకరి బల్ల ఇంకొకరు తీసుకోవచ్చు.

బట్టల గురించి బెంగ వద్దు, చీర కట్టుకో, చుడీదార్ వేసుకో, జీన్స్ వేసుకొచ్చేవాళ్లూ ఉంటారు. చెప్పులు బయట విప్పకు, మన ఊళ్లో అలవాటు కొద్దీ విప్పేస్తాం గానీ అక్కడ అందరూ బూట్లతోనే కూర్చుంటారు. కొంగు తలమీద వేసుకోవాలని రూలేం లేదు, వేసుకుంటే కాదనేవాళ్లూ లేరు. మగవాళ్లు ఒకవైపు ఆడవాళ్లు ఒకవైపు అని ఉండదు, ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చోండి, మొదటిసారి కాబట్టి మధ్యలో ఎక్కడైనా, మరీ ముందు కూర్చుంటే ఎప్పుడు లేవాలో చూసుకోవడానికి ఎదురుగా మనిషి ఉండడు.

ఎందుకంటే లేవడం కూర్చోవడం చాలా ఉంటుంది. పాటకి లేస్తారు, వాక్యాలు చదివేటప్పుడు కూర్చుంటారు, సువార్త చదివేటప్పుడు మళ్లీ లేస్తారు, కొందరు ప్రార్థనకి మోకరిస్తారు కొందరు నిలబడే ఉంటారు. తలుపు దగ్గర ఇచ్చే బులెటిన్‌లో వరసంతా ఉంటుంది, బెంచీ వెనక రెండు పుస్తకాలుంటాయి, ఒకటి ప్రార్థనల పుస్తకం, ఇప్పుడు వాడేది 1979 నాటిది, రెండోది పాటల పుస్తకం. పేజీ తప్పిపోతే ఊరికే వింటూ కూర్చో, ఎవరూ పరీక్ష పెట్టరు. ఆరాధన క్రమం నీకు తెలిసిందే, పాప ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, పరలోకమందున్న మా తండ్రీ, అన్నీ వస్తాయి, భాష ఒక్కటే వేరు. ప్రసంగం మాత్రం చాలాచోట్ల పావుగంటలో అయిపోతుంది, మన గంట ప్రసంగాలకి అలవాటైనవాళ్లకి ఇదేంటి అప్పుడే ఆమెన్ అనిపిస్తుంది. డ్రమ్స్, చప్పట్లు చాలా చర్చిల్లో ఉండవు, ఆర్గాన్, క్వయర్ ఉంటాయి, మధ్యమధ్య మౌనం కూడా ఉంటుంది, ఎవరో చదవడం మర్చిపోయారని కంగారు పడకు.

మధ్యలో ఒక్కసారిగా అందరూ లేచి పక్కవాళ్లతో చేతులు కలుపుతూ సమాధానం, అంటే నీకు శాంతి కలగాలని, చెప్పుకుంటారు. మీ ఆయనకి ముందే చెప్పి ఉంచు, అది మతంలో కలుపుకోవడం కాదు, పలకరింపే, నమస్కారం పెట్టినా సరిపోతుంది. తమాషా ఏంటంటే ఈ పద్ధతి పాశ్చాత్య చర్చిల్లోకి మళ్లీ రావడానికి ఒక కారణం మన సీఎస్ఐ వాళ్లు 1950లో తెచ్చిన ఆరాధన క్రమమే.

ఇక బల్ల సంగతి. బాప్తిస్మం తీసుకున్న ఏ సంఘంవాళ్లయినా తీసుకోవచ్చు, కాబట్టి నువ్వు నిశ్చింతగా వెళ్లు, కార్డు చూపించమని ఎవరూ అడగరు. రొట్టెకి అరచేయి చాపి పట్టు. గిన్నెలో ఉండేది మామూలుగా నిజం వైనే, ద్రాక్షరసం కాదు, అందరికీ ఒకటే గిన్నె, ఒక్కొక్కరు తాగాక అంచు తుడుస్తారు. నీకు ఇబ్బందైతే రొట్టె ఒక్కటే తీసుకుని వచ్చేయ్, అది సగం బల్ల అని ఎవరూ అనరు. మీ ఆయన బెంచీలోనే కూర్చోవచ్చు, లేదా నీతోపాటు ముందుకొచ్చి రెండు చేతులూ గుండెమీద అడ్డంగా పెట్టుకుంటే ప్రీస్ట్ ఆశీర్వదించి పంపుతారు. నన్నడిగితే మొదటి వారం ఆయన్ని కూర్చోనివ్వు, లాక్కెళ్లకు. చిన్నపిల్లలకి బల్ల ఇచ్చే విషయంలో ఒక్కోచోట ఒక్కో అలవాటు, బాబు సంగతి వెళ్లగానే అడుగు. ఏడిస్తే నర్సరీ రూమ్ ఉంటుంది చాలాచోట్ల.

కానుక పళ్లెం వస్తుంది, పక్కవాళ్లకి అందించేస్తే చాలు. విజిటర్ కార్డు నింపమంటే నింపడం నీ ఇష్టం, నింపితే మాత్రం ఈమెయిలో ఫోనో వస్తుంది. అయిపోయాక కాఫీ అంటారు, ఆ కాఫీ అంత గొప్పగా ఏం ఉండదు గానీ పది నిమిషాలు ఉండు, మనుషులు పరిచయమయ్యేది అక్కడే.

ఇంకొక్కటి ముందే చెప్తా. 2015లో వీళ్ల జనరల్ కన్వెన్షన్, అంటే సభ మొత్తానికీ నిర్ణయాలు చేసే పెద్ద సమావేశం, ఒకే లింగం వాళ్ల పెళ్లిళ్లకి ఒప్పుకుంది, అలాంటి జంటలు, పిల్లలతో సహా, నీ పక్క బెంచీలో ఉండొచ్చు. మన సంఘాల్లో పెరిగినవాళ్లకి ఇది కొత్త. నీ అభిప్రాయం నీది, కానీ ఎవరినీ వింతగా చూడకు.

ప్రశ్న: మేం గుంటూరు లూథరన్‌లం. అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వచ్చి ఎపిస్కోపల్ చర్చికెళ్తే బల్ల దగ్గర ఆడమనిషి నిలబడి ఇస్తోంది. నేను లేవలేదు. తప్పు చేశానా?
— ఒక రిటైర్డ్ మాస్టారు

జవాబు: తప్పేం లేదండీ, లేవకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. కానీ ఆవిడ మీ పాస్టర్ అయ్యగారి లాంటి అభిషిక్తురాలే. స్త్రీలకి ప్రీస్ట్ అభిషేకం ఇవ్వొచ్చని 1976లోనే తీర్మానించారు, 2006లో సభ మొత్తానికీ పెద్ద బిషప్‌గా ఒకావిడనే ఎన్నుకున్నారు. అంతదూరం ఎందుకు, మన నంద్యాలకి 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్ అయ్యారు కదండీ. వచ్చే ఆదివారం మనసు ఒప్పితే వెళ్లండి, మీరు లూథరన్ అని చెప్పినా ఇబ్బంది లేదు, అమెరికాలో పెద్ద లూథరన్ సభకీ వీళ్లకీ 2001 నుంచి బల్ల పొత్తుంది.

ప్రశ్న: నాకు జనం ఎక్కువుంటే భయం. ఎవరితో మాట్లాడకుండా వెళ్లి వచ్చేయొచ్చా?
— ఒక స్టూడెంట్

జవాబు: వెబ్‌సైట్‌లో టైమింగ్స్ చూడు. చాలా చర్చిల్లో పొద్దున ఎనిమిదింటికి ఒక చిన్న ఆరాధన ఉంటుంది, పాటలు ఉండవు, పాతకాలం ఇంగ్లిష్‌లో నడుస్తుంది, వచ్చేది కొద్దిమందే, ఎక్కువగా పెద్దవాళ్లు, ముప్పావుగంటలో అయిపోతుంది. సమాధానం చెప్పేటప్పుడు తలూపితే చాలు. కాఫీకి ఆగకుండా వచ్చేయ్, తలుపు దగ్గర ప్రీస్ట్ నిలబడి ఉంటే గుడ్ మార్నింగ్ చెప్పు, అంతే.