పాత కారు తుప్పు వదిలించడానికి కరెంటు గ్రైండరా, గాలి గ్రైండరా?

ప్రశ్న: మా నాన్నగారి పాత కారును ఇంట్లోనే మళ్లీ నిలబెడదామని మొదలుపెట్టాను. ఫ్లోరు, చక్రాల పైభాగం బాగా తుప్పు పట్టాయి. టైర్లలో గాలి కొట్టుకోవడానికి కొన్న 1 హెచ్‌పీ కంప్రెసర్ ఉంది, ట్యాంకు 25 లీటర్లు. దానికి ఎయిర్ గ్రైండర్ తగిలిస్తే పని జరుగుతుందా, కరెంటుది కొనాలా? ఎయిర్‌వి చిన్నగా, చవగ్గా ఉన్నాయి.

జవాబు: మీ దగ్గరున్న కంప్రెసర్‌తో అయితే జరగదండీ, కరెంటుదే కొనండి. గాలి గ్రైండర్ చవగ్గా కనిపిస్తుందంటే అందులో కరెంటు మోటారు లేదు కాబట్టి, ఆ మోటారు కంప్రెసర్‌లో ఉంటుంది. అందుకే గ్రైండర్ కన్నా ముందు కంప్రెసర్‌ను చూడాలి.

లెక్క వేద్దాం. 1 హెచ్‌పీ కంప్రెసర్ 90 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర నిమిషానికి సుమారు 3, 4 ఘనపుటడుగుల గాలి ఇస్తుంది, దీన్నే సీఎఫ్‌ఎం అంటారు. చిన్న డై గ్రైండర్ (సన్నగా పొడుగ్గా ఉండే గాలి గ్రైండర్) పెట్టె మీద కూడా 4 సీఎఫ్‌ఎం అనే రాసి ఉంటుంది, అది చూసి సరిపోతుందనుకుంటాం, కానీ చాలాసార్లు అది ఆపి ఆపి వాడితే వచ్చే సగటు మాత్రమే. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే 10 దాటిపోవచ్చు. మీ 25 లీటర్ల ట్యాంకులో ఒత్తిడి 8 బార్ నుంచి 6 బార్‌కు (అంటే దాదాపు ఆ 90 పీఎస్‌ఐకే) పడేలోపు పనికొచ్చే గాలి రెండు ఘనపుటడుగులు కూడా ఉండదు, అంటే పావు నిమిషం నడిచి డీలా పడుతుంది, మళ్లీ నిండేదాకా మీరు నిలబడి చూడాలి. తుప్పు వదిలించడం గంటల తరబడి చేసే పని, అలా ఎవరి ఓపికా నిలవదు. చిన్న కంప్రెసర్లు ఆపకుండా నడవడానికి చేసినవి కూడా కావు, వేడెక్కి పాడైపోతాయి.

పైగా గాలి చాలా దుబారా. కంప్రెసర్ తాగిన కరెంటులో టూల్ దాకా పనిగా చేరేది పదో వంతు, మహా అయితే ఇంకొంచెం. మిగతాదంతా వేడి, లీకులు.

కొనేటప్పుడు 125 ఎంఎం డిస్కుది, వేగం తగ్గించుకునే డయల్ ఉన్నది, చెయ్యి తీస్తే ఆగిపోయే ప్యాడిల్ స్విచ్ ఉన్నది చూడండి. డయల్ ఎందుకంటే కారు రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు చాలా చోట్ల, పూర్తి వేగంతో ఒకేచోట ఆనించి పెడితే రేకు నీలం రంగు తిరిగి ఉబ్బిపోతుంది, తర్వాత దాన్ని సరిచేయడం తుప్పు తీయడం కన్నా పెద్ద పని. విడిచి విడిచి పట్టండి, రేకు మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే పక్క భాగానికి వెళ్లండి. పెయింటు, తుప్పు తీయడానికి గట్టి గ్రైండింగ్ రాయి వద్దు, అది మంచి లోహాన్ని కూడా తినేస్తుంది. నల్లగా స్పాంజిలా ఉండే స్ట్రిప్ డిస్కు వాడండి. వెల్డింగ్ కుట్టు చదును చేయడానికి ఫ్లాప్ డిస్కు (గరుకు కాగితం ముక్కలు పేర్చినది).

మరి గాలి గ్రైండర్ ఎందుకూ పనికిరాదా? పనికొస్తుంది, ఒకచోట మాత్రం దానికి సాటి లేదు: డోర్ లోపలి మూలలు, స్పాట్ వెల్డ్‌లు (రేకులను చుక్కల్లా అతికిన చోట్లు), కరెంటు గ్రైండర్ తల పట్టని సందులు. బరువు తక్కువ, బిగుసుకుపోయి ఆగినా కాలిపోదు, గాలి వ్యాకోచించేటప్పుడు గ్రైండర్ ఒళ్లు చల్లబడుతుంది కూడా. కరెంటు మోటారు అయితే లోహపు పొడి లోపలికి పీల్చుకుంటుంది, కార్బన్ బ్రష్‌లు అరుగుతాయి, అప్పుడప్పుడు గాలి కొట్టి శుభ్రం చేసుకోవాలి (దానికి మీ చిన్న కంప్రెసర్ బ్రహ్మాండంగా సరిపోతుంది). తర్వాతెప్పుడైనా 10 సీఎఫ్‌ఎం పైన ఇచ్చే పెద్ద కంప్రెసర్ వస్తే ఒక డై గ్రైండర్ తీసుకోండి. రోజూ పనికి ముందు రెండు మూడు చుక్కల ఎయిర్ టూల్ ఆయిల్ వేయాలి, ట్యాంకు అడుగున చేరిన నీళ్లు వదలాలి. ఆ నూనె తగిలిన హోస్‌నే పెయింట్ గన్‌కు వాడకండి, పెయింటు చేపకన్నుల్లా గుంటలు పడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం దయచేసి అశ్రద్ధ చేయొద్దు. డిస్కు మీద రాసిన ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) గ్రైండర్ ఆర్‌పీఎం కన్నా ఎక్కువ ఉండాలి. 125 ఎంఎం కటింగ్ డిస్కు గరిష్ఠ వేగం సుమారు 12,200. డై గ్రైండర్ 20,000 పైన తిరుగుతుంది, దానికి ఈ డిస్కు ఎలాగోలా బిగిస్తే ముక్కలై మొహానికే వస్తుంది. గార్డు తీసేయకండి, కళ్లద్దాల మీద ఫేస్ షీల్డ్ కూడా పెట్టుకోండి. పాత పెయింటులో సీసం ఉండొచ్చు కాబట్టి మంచి రెస్పిరేటర్ కావాలి, గుడ్డ కట్టుకుంటే చాలదు. బ్యాటరీ విప్పేయండి, పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టండి, అద్దాల మీద తడి దుప్పటి కప్పండి, ఎందుకంటే నిప్పురవ్వలు గాజులోకి దిగి అతుక్కుపోతాయి, ఆ మచ్చలు ఇక పోవు.