మీ ప్రశ్న – మా జవాబు: కంగారూలతో మన లెక్క

భారత్–ఆస్ట్రేలియా క్రికెట్ మీద ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో సగం ఆస్ట్రేలియా బ్యాటర్ ట్రావిస్ హెడ్‌ని తిట్టడానికే రాశారు. వాటిని పక్కన పెట్టి మిగిలినవాటిలోంచి కొన్ని ఇక్కడ.

మనకి అసలు ప్రత్యర్థి పాకిస్తాన్ కదండీ, మీ పత్రికలో ఎప్పుడు చూసినా ఆస్ట్రేలియా గొడవేంటి?
– డిగ్రీ విద్యార్థి, నరసరావుపేట

పాకిస్తాన్‌తో మ్యాచ్ ఉంటే ఆ పూట రోడ్ల మీద జనం ఉండరు, ఒప్పుకుంటాం. కానీ బాబూ, వాళ్ళతో మనం చివరిసారి టెస్ట్ ఆడింది 2007 డిసెంబరులో, బెంగళూరులో. అప్పటికి నువ్వు పుట్టావో లేదో. 2012-13 తర్వాత రెండు దేశాల మధ్య సిరీసే లేదు, ఏ ఆసియా కప్‌లోనో వరల్డ్ కప్‌లోనో ఎదురుపడి ఒక పూట ఆడేసి వెళ్ళిపోవడమే. దాంట్లో టెన్షన్ ఉంటుంది, టీవీ వాళ్ళకి డబ్బులుంటాయి, అంతే. పోటీ అంటే వాళ్ళ ఊరెళ్ళి కొట్టి రావాలి, వాళ్ళు మన ఊరొచ్చి కొట్టి పోవాలి. ఆస్ట్రేలియా 2004లో మన దగ్గరకొచ్చి 35 ఏళ్ళ తర్వాత ఇక్కడ సిరీస్ గెలుచుకుపోయింది. మనం 2018-19లో మొదటిసారి అక్కడ సిరీస్ గెలిచాం, అదేదో గాలివాటం అనుకుంటారేమోనని 2020-21లో మళ్ళీ వెళ్ళి గెలిచాం. 2016-17 నుంచి వరసగా నాలుగుసార్లు బోర్డర్–గవాస్కర్ ట్రోఫీ (మన రెండు జట్ల టెస్ట్ సిరీస్‌కి ఇచ్చే కప్పు) మనదే, 2024-25లో 3-1తో వాళ్ళు లాక్కున్నారు. అన్నట్టు, 1947-48లో మనవాళ్ళు మొదటిసారి అక్కడికెళ్ళినప్పుడు బ్రాడ్‌మన్ జట్టు చేతిలో 4-0తో ఓడొచ్చారు. అక్కడ మొదలైన లెక్క ఇది.

ఫైనల్ అనేసరికి ఆస్ట్రేలియా మీద మనవాళ్ళు ఎందుకు చేతులెత్తేస్తారు? 2003, 2023 రెండూ చూసినవాణ్ణి, ఇక చూడలేను.
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఖమ్మం

మాస్టారూ, ఇందులో ఓ విచిత్రం ఉంది. 2007 టీ20 వరల్డ్ కప్ సెమీఫైనల్లో డర్బన్‌లో యువరాజ్ 30 బంతుల్లో 70 కొట్టాడు, గెలిచాం. 2011లో అహ్మదాబాద్ క్వార్టర్ ఫైనల్లో పాంటింగ్ సెంచరీ కొట్టినా గెలిచాం, అక్కడా యువరాజే, 57 నాటౌట్. 2025 చాంపియన్స్ ట్రోఫీ సెమీస్‌లో దుబాయ్‌లో కోహ్లీ 84 కొట్టాడు, గెలిచాం. 2015 సిడ్నీ సెమీస్ ఒక్కటి 95 పరుగుల తేడాతో పోయింది గానీ, మిగతా చోట్ల నాకౌట్లో వాళ్ళని ఇంటికి పంపింది మనమే. కప్పు ఎదురుగా పెట్టుకుని ఆడిన మూడూ మాత్రం, 2003 జొహానెస్‌బర్గ్, 2023 జూన్‌లో ఓవల్లో టెస్ట్ చాంపియన్‌షిప్, అదే ఏడాది నవంబరులో అహ్మదాబాద్, వాళ్ళకే పోయాయి.

కాబట్టి భయం అని తేల్చేస్తే సరిపోదు. 2003లో వాళ్ళది మనకంటే రెండు మెట్లు పైనున్న జట్టు, 359 కొట్టారు, దాని గురించి బాధపడి లాభం లేదు. 2023 నవంబరు 19 వేరే కథ. అప్పటిదాకా పదికి పది గెలిచి వచ్చాం. పిచ్ నెమ్మదిగా ఉంది, వాళ్ళ కెప్టెన్ కమిన్స్ టాస్ గెలిచి బౌలింగ్ తీసుకున్నాడు, స్టేడియంలో చాలామంది నవ్వుకుని ఉంటారు. మొదటి పది ఓవర్లలో 80 పరుగులు, ఆ తర్వాత నలభై ఓవర్లలో బౌండరీలు ఎన్నో తెలుసా, నాలుగు! రాహుల్ 107 బంతులాడి 66 చేస్తే అందులో ఒకే ఒక్క ఫోర్. వాళ్ళ ఫీల్డర్లు లోపల ముప్ఫై పరుగులైనా ఆపి ఉంటారు. సాయంత్రానికి మంచు పడి బంతి బ్యాట్ మీదికి చక్కగా రావడం మొదలైంది, హెడ్ 137 కొట్టి పని ముగించాడు. ఆ పిచ్‌ని, ఆ సాయంత్రాన్ని మనకంటే వాళ్ళే బాగా చదివారు, మన గడ్డ మీదకొచ్చి మరీ. నాకు మండేది అక్కడే.

టెస్టుల్లో మనం అక్కడ గెలవగలుగుతున్నాం, వాళ్ళు ఇక్కడ తిప్పలు పడుతున్నారు. ఇదంతా పిచ్‌లేనా?
– బ్యాంకు ఉద్యోగిని, విజయవాడ

పిచ్‌లతో పాటు బంతి కూడానండీ, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అక్కడ కూకబుర్రా బంతి, ఇక్కడ ఎస్‌జీ. ఎస్‌జీ బంతి కుట్టు మొత్తం చేత్తో వేసింది, సీమ్ చాలాసేపు లేచి ఉంటుంది, స్పిన్నర్ వేళ్ళకి పట్టు దొరుకుతుంది. కూకబుర్రాలో లోపలి వరసలే చేత్తో కుడతారు, బయటివి మిషన్ కుట్టు. కొత్తలో స్వింగ్, బౌన్స్ బాగా ఉంటాయి, కొంచెం పాతబడితే సీమ్ అణిగిపోయి బౌలర్‌కి ఏమీ మిగలదు. అందుకే అక్కడ మొదటి ఇరవై ఓవర్లు నిలబడ్డవాడికి ఆ తర్వాత పండగ. పుజారా 2018-19లో చేసిందదే. కొత్త బంతినంతా ఒంటికి తగిలించుకుని, బౌలర్లని అలవగొట్టి, మూడు సెంచరీలతో 521 పరుగులు. ఇక్కడ 2017లో పుణెలో స్పిన్ పిచ్ వేసి మనమే ఇరుక్కున్నాం, ఓకీఫ్ అనే ఎడమచేతి స్పిన్నర్ రెండు ఇన్నింగ్స్‌లోనూ ఆరేసి వికెట్లు తీస్తే మనం 105, 107.

ఇక ఇద్దరికీ సమానంగా పదును ఉన్న ఏకైక ఫార్మాట్ టెస్టే అని నా అభిప్రాయం. 1986లో మద్రాసులో ఇద్దరూ కలిసి టెస్ట్‌ని టై చేశారంటే చూడండి. చివరి వికెట్‌గా మణిందర్ సింగ్ ఎల్బీడబ్ల్యూ అయ్యేసరికి మనకి కావాల్సింది ఇంకొక్క పరుగు. టెస్ట్ చరిత్రలోనే రెండు టైలున్నాయి, ఈ రెండోదీ ఆస్ట్రేలియా ఆడిందే.

టీ20లో ఎవరు గొప్ప?
– చిరువ్యాపారి, కర్నూలు

ఎవరు గొప్పైనా వారం తర్వాత గుర్తుండదు. 2016 మొహాలీలో కోహ్లీ 82, 2024 సెయింట్ లూసియాలో రోహిత్ 41 బంతుల్లో 92, ఈ రెండూ వదిలేస్తే ఇంకోటి చెప్పండి చూద్దాం.

హైదరాబాదీలకీ ఆస్ట్రేలియాకీ ఏదో లింకుందంటారు. లక్ష్మణ్ తప్ప ఎవరున్నారు?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

లక్ష్మణ్ తప్ప అంటూ లక్ష్మణ్‌ని అంత తేలిగ్గా దాటేస్తే ఎలా? 2001 కోల్‌కతాలో ఫాలో ఆన్ (మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడి వెంటనే మళ్ళీ బ్యాటింగ్‌కి దిగడం) ఆడుతూ 281. నాలుగో రోజంతా ద్రావిడ్, అతనూ ఒక్క వికెట్ పడకుండా ఆడితే ఆ రోజే 335 పరుగులొచ్చాయి. ఇప్పటికీ ఆ వీడియో పెట్టుకు చూస్తే వాళ్ళ స్పిన్నర్ వార్న్ లెగ్ స్టంప్ బయట గరుకు చోట వేసిన బంతికి లక్ష్మణ్ ముందుకొచ్చి ఓసారి కవర్స్ మీదుగా, దాదాపు అలాంటి బంతినే ఇంకోసారి మిడ్‌వికెట్ వైపు కొడతాడు. వార్న్ ఫీల్డర్ని ఎక్కడ పెట్టాలో తెలియక నడుం మీద చేతులేసుకు నిలబడాలి. వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన జట్టండీ అది. 2010 మొహాలీలో వెన్నునొప్పితో రన్నర్‌ని పెట్టుకుని ఒక్క వికెట్ తేడాతో గెలిపించిందీ అతనే. ఆ రోజు అవతలి ఎండ్‌లో చివరి బ్యాట్స్‌మన్‌గా ఉన్న ప్రజ్ఞాన్ ఓఝా మీద అంత నెమ్మదస్తుడూ కేకలేశాడు!

అతనికంటే ముందు జయసింహ. 1968లో సిరీస్ మధ్యలో కబురొస్తే విమానమెక్కి వెళ్ళి, సరైన ప్రాక్టీసు కూడా లేకుండా బ్రిస్బేన్‌లో 74, 101 కొట్టాడు. 39 పరుగుల తేడాతో ఓడాం గానీ మన పాతతరం వాళ్ళు ఆ ఇన్నింగ్స్ గురించి ఇంకా చెబుతూనే ఉంటారు. తర్వాత సిరాజ్. 2020లో జట్టుతో అక్కడున్నప్పుడు ఆటో నడిపి పెంచిన తండ్రి హైదరాబాద్‌లో చనిపోతే, ఇంటికి రాకుండా అక్కడే ఉండిపోయి, మెల్‌బోర్న్‌లో మొదటి టెస్ట్ ఆడి, బ్రిస్బేన్‌లోని గబ్బా మైదానంలో రెండో ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు. అదే సిరీస్‌లో సిడ్నీలో హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరుగెత్తలేక 161 బంతులాడి 23 చేశాడు. స్కోరుబోర్డులో ఆ 23ని చూసి ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఆ 23 లేకపోతే సిడ్నీ డ్రా లేదు, సిడ్నీ డ్రా లేకపోతే గబ్బాలో సిరీస్ గెలుపూ లేదు.

ఉప్పల్‌లో హెడ్ సిక్స్ కొడితే ఈలలేస్తాం. ఇంటికొచ్చాక సిగ్గేస్తుంది. నాలో ఏమైనా లోపమా?
– ఎస్‌ఆర్‌హెచ్ (సన్‌రైజర్స్ హైదరాబాద్) అభిమాని, మల్కాజ్‌గిరి

లోపమేం లేదు తమ్ముడూ, హైదరాబాద్‌కిది అలవాటే. 2008 జనవరిలో సిడ్నీలో సైమండ్స్, హర్భజన్ గొడవతో దేశమంతా సైమండ్స్ మీద మండిపడింది, ఆ ఎండాకాలానికల్లా అతను డెక్కన్ చార్జర్స్ చొక్కా తొడుక్కుని లక్ష్మణ్ కెప్టెన్సీలో ఆడాడు. మరుసటేడు మనకి ఐపీఎల్ కప్ తెచ్చిపెట్టిన కెప్టెన్ గిల్‌క్రిస్ట్. 2016లో తెచ్చినవాడు వార్నర్. 2024లో ఫైనల్ దాకా తీసుకెళ్ళినవాడు కమిన్స్, అవును, అహ్మదాబాద్ కమిన్సే. ఐపీఎల్లో మనకి కప్ ఎప్పుడొచ్చినా ఆస్ట్రేలియావాడి చేతుల మీదుగానే వచ్చింది. అడిలైడ్‌లో 2024 డిసెంబరులో సిరాజ్, హెడ్‌ని బౌల్డ్ చేసి పెవిలియన్ వైపు చెయ్యి చూపిస్తే హైదరాబాద్‌లో సగంమందికి ఎటు అరవాలో తెలియలేదు. సిరాజ్‌కి మ్యాచ్ ఫీజులో 20 శాతం కోత పడింది.

2023 మార్చిలో మా వైజాగ్‌లో వన్డేకి పిల్లలతో వెళ్ళాం. 117కి ఆలౌట్! డబ్బులు దండగ. వైజాగ్‌కే ఎందుకిలా?
– గృహిణి, గాజువాక

అమ్మా, వంద ఓవర్ల ఆటకి టికెట్టు కొంటే 37 ఓవర్లలో ఇంటికి పంపారు, కోపం రాక ఏమవుతుంది. స్టార్క్ ఐదు వికెట్లు తీశాడు, మన ఇన్నింగ్స్ 26 ఓవర్లు, వాళ్ళది 11. కానీ వైజాగ్‌ని అప్పుడే తిట్టకండి. అదే ఏడాది నవంబరు 23న, అహ్మదాబాద్ ఫైనల్ అయిన నాలుగు రోజులకి, అక్కడే జరిగిన టీ20లో ఆస్ట్రేలియా బ్యాటర్ ఇంగ్లిస్ 110 కొట్టి 209 లక్ష్యం పెడితే చివరి బంతికి ఒక్క పరుగు కావాల్సొచ్చి రింకూ సింగ్ సిక్స్ కొట్టాడు. అది నోబాల్, నోబాల్‌తోనే మనం గెలిచేశాం కాబట్టి ఆ సిక్స్ లెక్కలోకే రాలేదు పాపం.

ఇక 2025 అక్టోబరు 12న మహిళల వరల్డ్ కప్ మ్యాచ్ మీ ఊళ్ళోనే. మనమ్మాయిలు 330 కొట్టారు, ఆస్ట్రేలియా కెప్టెన్ హీలీ 142 కొడితే వాళ్ళు దాన్నీ ఛేదించారు. కడప అమ్మాయి శ్రీచరణి ఆ పరుగుల వరదలోనూ 41 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసింది. పిల్లల్ని దానికి తీసుకెళ్ళుంటే బావుండేది.

మహిళల క్రికెట్లో ఆస్ట్రేలియాని కొట్టడం అసాధ్యం అనేవారు. సెమీస్ ఎలా గెలిచారు?
– ఇంటర్ విద్యార్థిని, ప్రొద్దుటూరు

ఆ వైజాగ్ మ్యాచ్ తర్వాత మూడు వారాలు తిరక్కుండానే, నవీ ముంబైలో వాళ్ళు 338 చేస్తే జెమీమా 127 నాటౌట్‌తో ఛేదించేశాం. మహిళల వన్డేల్లో అంత పెద్ద ఛేజింగ్ అంతకుముందు ఎవరూ చేయలేదు. 2017లో డెర్బీ సెమీస్‌లో హర్మన్‌ప్రీత్ 171 కూడా ఆస్ట్రేలియా మీదే. చూశావా, ఆ రెండు సెమీసూ మనవే! 2005 వరల్డ్ కప్ ఫైనల్ మిథాలీ కెప్టెన్సీలో వాళ్ళకే ఓడాం, 2020లో మెల్‌బోర్న్‌లో 86 వేలమంది చూస్తుండగా టీ20 ఫైనల్ ఓడాం. 2025లో ఫైనల్లో ఎదురుపడ్డది దక్షిణాఫ్రికా కావడం మన అదృష్టమో, సెమీస్‌లోనే ఆస్ట్రేలియాని దించేయడం మన తెలివో, నీకు ఎలా నచ్చితే అలా అనుకో. కప్పు మాత్రం వచ్చింది.

నితీశ్ రెడ్డి మెల్‌బోర్న్ సెంచరీ మీద అంత హడావుడి ఎందుకు? ఆ మ్యాచ్ ఓడాం కదా.
– పేరు వద్దన్నారు, రాజమండ్రి

ఓడాం, 184 పరుగుల తేడాతో. అయినా ఒక్కసారి అక్కడ నిలబడి చూడండి. ఎనిమిదో నంబరులో వచ్చిన ఇరవై ఒక్కేళ్ళ విశాఖ కుర్రాడు 99 మీద నాన్‌స్ట్రైకర్ ఎండ్‌లో ఉన్నాడు. బుమ్రా అవుటయ్యాడు, మిగిలింది సిరాజ్, ఎదురుగా కమిన్స్, ఆ ఓవర్లో ఇంకా మూడు బంతులు. సిరాజ్ ఒక్కొక్కటి ఆపుతుంటే మెల్‌బోర్న్ మైదానం ప్రతి డిఫెన్స్‌కీ సెంచరీ కొట్టినంత గోల చేసింది. గ్యాలరీలో కొడుకు క్రికెట్ కోసం హిందూస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకున్న తండ్రి చేతులు జోడించి నిలబడ్డాడు. తర్వాతి ఓవర్లో బోలాండ్‌ని మిడాన్ మీదుగా లేపి ఫోర్. బ్యాట్ నేలకి ఆనించి, దాని మీద హెల్మెట్ పెట్టి, మోకాలి మీద కూర్చున్నాడు. కామెంట్రీలో ఉన్న రవిశాస్త్రి కళ్ళు కూడా తడిశాయి. మీకు హడావుడిగా అనిపిస్తే మేమేం చేయలేం సార్.

(వచ్చే సంచికకి స్లెడ్జింగ్ మీద, అంటే మైదానంలో ప్రత్యర్థిని మాటలతో రెచ్చగొట్టడం మీద ప్రశ్నలు పంపండి. హెడ్ మీద తిట్లు మాత్రం ఇక చాలు.)